చెర్రీ తోటను కొన్నవాడు

(స్మారకోపన్యాస పాఠము)



స్మారకోపన్యాసము చేయ నిలుచున్నవానికి చెహోవ్ వ్రాసిన ‘చెర్రీ తోట’ నాటకము మొదటనే ఒక చిక్కు తెచ్చిపెట్టును. అందులోని మొదటి అంకమున గాయెవ్ అను భూస్వామి, తన ఇంటి పుస్తకాల బీరువాకు నూఱేండ్లు నిండినవని తెలిసికొని, దానికెదురుగా నిలిచి, కన్నీరు పెట్టుకొనుచు, మానవజాతికి అది చేసిన సేవను వేనోళ్ళ కొనియాడును. విన్నవారికేమో ఎక్కడ తల దాచుకొనవలెనో తెలియదు. 1904 జనవరి 17వ తేదీ రాత్రి మాస్కో ఆర్ట్ థియేటరులో ఈ నాటకమును తొలిసారి ఆడినప్పుడు, మూడవ అంకము ముగిసిన పిమ్మట, క్షయరోగముచే కృశించి నిలువలేక నిలిచియున్న గ్రంథకర్తను వేదికపై సన్మానింపగా, ఒక వక్త సంబోధన అచ్చముగా ఆ బీరువా సంబోధనవలెనే మొదలైనదనియు, చెహోవ్ ముఖమున చిరునవ్వు మెదలినదనియు ఆ ప్రదర్శనపు ప్రయోక్త స్తానిస్లావ్‌స్కీ తన స్వీయచరిత్రలో వ్రాసెను. కావున ఎవరి పేరిట ఈ సభ ఏటేట జరుగుచున్నదో ఆ కీర్తిశేషులను గూర్చి నేను దీర్ఘస్తోత్రము చేయబోను. పగలు బడిపంతులుగాను, రాత్రి నాటకప్రయోక్తగాను జీవించిన ఆ పెద్దలు, పాత నాటకమును చేపట్టిన ప్రతివానిని, ఇప్పుడు దీనిని ఎందుకు ఆడుచున్నావని అడుగకుండ విడిచెడివారు కారు. ఆ ప్రశ్ననే నేడు ‘చెర్రీ తోట’ను అడిగి చూచెదము గాక.

కథ మీలో పెక్కుమందికి తెలిసినదే. అప్పులలో మునిగిన రణేవ్‌స్కయా అను కులీనస్త్రీ ఐదేండ్లు పరదేశమున గడిపి స్వగ్రామమునకు తిరిగి వచ్చును. ఆగస్టు 22వ తేదీన ఎస్టేటు వేలమునకు రానున్నది. ఆ కుటుంబమునకు తాతతండ్రులనాడు బానిసలైయుండిన వంశమున పుట్టి, వ్యాపారములో ధనము గడించిన లోపాహిన్ ఒక ఉపాయము చెప్పును. తోటను నరికి, నేలను ముక్కలు చేసి, వేసవి విడుదులు కట్టుకొనువారికి కవులుకిచ్చినచో, దెస్యతీనాకు, అనగా మన లెక్కలో రెండున్నర ఎకరములకు కొంత పైబడిన నేలకు, ఏటికి 25 రూబుళ్ళకు తక్కువ రాదు. అప్పు తీరును, భూమి నిలుచును. ఆమెయు, ఆమె అన్న గాయెవును అది విననట్లే విని, వేసవి విడుదులన్నది నీచమైన మాట అని తోసివేయుదురు. వేలములో ఆ తోటను లోపాహినే కొనును. నాలుగవ అంకములో అందరు మూటలు కట్టుకొని వెడలిపోవుదురు; ఎనుబదియేడేండ్ల ముసలి సేవకుడు ఫీర్స్‌ను మాత్రము మూసిన ఇంటిలో మఱచిపోవుదురు.

ఇట్టి నాటకమును నేటి రంగస్థలమునకు తెచ్చువారు సాధారణముగా వేషములను గూర్చి, దృశ్యబంధములను గూర్చి, రష్యన్ పేరులను ఉంచవలెనా మార్చవలెనా అనుదానిని గూర్చి వాదులాడుకొందురు. ఇవన్నియు తేలికగా తీరు సమస్యలు. నా దృష్టిలో ఈ నాటకమునకు అనుసరణ చేయువానికి నిజమైన పరీక్ష ఒక్కటే: లోపాహిన్ ఎవడు? ఆ ప్రశ్నకు సరియైన సమాధానము దొరికినచో ఏ దేశమున, ఏ కాలమున నిలిపినను నాటకము నిలుచును. అక్కడ తడబడినచో ఎంతటి నటులును దానిని కాపాడలేరు.

ఇది నా కల్పనము కాదు. 1903 శరత్కాలమున యాల్టా నుండి చెహోవ్ తన భార్యయు, ఆ నాటకశాల ప్రధాననటియు నైన ఓల్గా క్నిప్పెర్‌కును, స్తానిస్లావ్‌స్కీకిని వ్రాసిన లేఖలలో ఈ బెంగయే మాటిమాటికి కనిపించును. లోపాహిన్ వర్తకుడే గాని అన్నివిధముల సభ్యుడైన మనుష్యుడనియు, అల్లరిచిల్లరిగా గాక మర్యాద తెలిసినవానివలె నడచుకొనవలెననియు, ఆ పాత్ర చెడినచో నాటకమంతయు చెడుననియు ఆయన విన్నవించెను. ఆ పాత్రను స్తానిస్లావ్‌స్కీయే ధరింపవలెనని ఆయన కోరిక. ఏలయన స్తానిస్లావ్‌స్కీ స్వయముగా మాస్కోలోని సంపన్న వర్తకకుటుంబమున పుట్టినవాడు. కాని స్తానిస్లావ్‌స్కీ గాయెవ్ వేషము ఎన్నుకొనెను. లోపాహిన్ లియొనీదొవ్‌కు పోయెను. రణేవ్‌స్కయాగా క్నిప్పెర్ నటించెను. దానితో నాటకపు బరువంతయు ఇల్లు కోల్పోవువారి వైపునకు ఒరిగెను. గ్రంథకర్త హాస్యనాటకమని పేరు పెట్టినదానిని ప్రయోక్త విషాదాంతముగా భావించి, కన్నీటి వేగమునకు తగినట్లు నడకను సాగదీసెను. పండ్రెండు నిమిషములకు మించరాని నాలుగవ అంకము నలుబది నిమిషములు నడచుచున్నదని చెహోవ్ భార్యకు వ్రాసిన లేఖలో మొఱపెట్టుకొనెను. పండ్రెండు నిమిషములన్నది వైద్యుడు వ్రాసిన మాత్ర కాదు, విసిగిన రచయిత అతిశయోక్తి. ఐనను రోగనిర్ణయము మాత్రము తప్పు కాదు.

చెహోవ్ మాత్రము నాటకములో ఎవరి పక్షమును వహింపకపోవుటకు కారణము ఆయన వంశచరిత్రలోనే యున్నది. ఆయన తాత యెగోర్ బానిసగా పుట్టి, 1841లో 3,500 రూబుళ్ళు చెల్లించి తన కుటుంబమునకు స్వేచ్ఛ కొనుక్కొన్నవాడు. 1861 నాటి దాస్యవిమోచన చట్టము కంటె ఇరువది ఏండ్లు ముందే. అనగా లోపాహిన్ వంశమే చెహోవ్ వంశము. ఐతే ఆయన తండ్రి తగన్‌రోగ్ పట్టణమున నడిపిన పచారీ దుకాణము 1876లో దివాలా తీయగా, తండ్రి అప్పులవారికి వెఱచి మాస్కోకు పాఱిపోయెను. కుటుంబమునకు ఆప్తుడై ఆ ఇంటనే మకాము చేసియున్నవాని చేతికే ఇల్లు పోయెను. పదునాఱేండ్ల ఆంతోన్ అదే ఇంటిలో, ఆ క్రొత్త యజమాని బంధువులబ్బాయికి పాఠములు చెప్పుకొనుచు, చదువు ముగించుటకై ఒంటరిగా ఉండిపోయెను. ఇల్లు పోగొట్టుకొన్నవాని మనస్సు, బానిసత్వమునుండి పైకి వచ్చినవాని రక్తము, రెండును ఒక్క మనిషిలో కలిసియుండగా, ఆయన ఒకరిని దొంగగాను ఒకరిని దేవతగాను చిత్రించుట ఎట్లు సంభవించును?

ఇక నాటకములోనికి కొంచెము దగ్గరగా చూచెదము. మూడవ అంకములో ఇంటిలో నృత్యము జరుగుచుండును, పట్టణములో వేలము. సాయంకాలము నాలుగు గంటలకే వేలము ముగిసినది. కాని రైలు తప్పిపోవుటచేత గాయెవ్, లోపాహిన్‌లు రాత్రి తొమ్మిదిన్నర వఱకు అక్కడనే చిక్కుకొనిరి. అంతసేపు ఇంటనున్నవారికి ఏమియు తెలియదు; అంకమంతయు ఆ తెలియకపోవుటపైననే నిలిచినది. తుదకు గాయెవ్ వచ్చును. ఒక చేతిలో కొనుక్కొనివచ్చిన చేపల పొట్లములు, రెండవ చేతితో కన్నీరు తుడుచుకొనుట. ఏమైనదని చెల్లెలు అడిగినను సమాధానము చెప్పడు. లోపలి గదినుండి బిలియర్డ్సు బంతుల చప్పుడు వినబడగానే ముఖము మారిపోవును, బట్టలు మార్చుకొనుటకు పోవును. చెప్పవలసినది లోపాహినే చెప్పును. మేనత్త పంపిన పదునైదువేలు మాత్రమే గాయెవ్ చేతిలో నుండెను, దెరిగానొవ్ అనువాడు అప్పుమీద ఎకాయెకి ముప్పదివేలు పాడెను, లోపాహిన్ నలువదన్నాడు, వాడు నలువదియైదు, ఇతడు ఏబదియైదు, వాడు ఐదేసి చొప్పున, ఇతడు పదేసి చొప్పున పెంచుకొనుచు పోయి, అప్పు గాక తొంబదివేలకు పాట ముగిసెను. తన తాతయు తండ్రియు బానిసలై వంటింటిలోనికి సైతము అడుగుపెట్టరాని చోటు ఇప్పుడు తనదని అతడు చెప్పుకొనును, వాద్యగాండ్రను వాయింపుమనును. ఆ వెంటనే ఏడ్చుచున్న రణేవ్‌స్కయా ఎదుట నిలిచి, నా మాట ఏల వినలేదని తానును కన్నీరు పెట్టుకొనును. గర్వము, దుఃఖము ఒక్క క్షణముననే కలిసి వచ్చుట నటునికి ఎంత కష్టమో చెప్పనక్కఱలేదు. చిన్ననాట తండ్రి కొట్టి ముక్కు పగులగొట్టినప్పుడు, పడుచువయసులోనున్న ఈ దొరసానియే అతనిని లోపలికి తీసికొనిపోయి ముఖము కడిగినదని మొదటి అంకముననే అతడు చెప్పియున్నాడు. ఆమెను రక్షింపగోరినవాడే ఆమె తోటను కొనెను, రెండును నిజమే.

నేటి వేషములలో ఈ అంకమును ఆడువాడు ఒక చిన్న వస్తువునకు జవాబు చెప్పుకొనక తప్పదు, అది చేతిఫోను. నాలుగు గంటలకు వేలము ముగిసిన నాలుగున్నరకే ఇంటివారికి కబురు అందవలెను గదా! కొందఱు ప్రయోక్తలు ఈ చిక్కును చూడనట్లు నటింతురు; కొందఱు ఫోనునకు సంకేతము అందలేదని ఒక మాట కల్పింతురు. నన్నడిగినచో ఫోనును అక్కడనే ఉంచవలెను. అది మ్రోగవలెను, ఇటువైపు వారు మాటిమాటికి చేయవలెను, అటువైపు గాయెవ్ తీయకుండవలెను. రైలు తప్పుట యాదృచ్ఛికము. ఫోను తీయకపోవుట గాయెవ్ స్వభావము. కాలమును మార్చినప్పుడు నాటకము నష్టపోవుటయే గాక, ఇట్లు అప్పుడప్పుడు లాభపడుటయు కలదు.

నాలుగవ అంకము మొదట లోపాహిన్ వీడ్కోలుకని షాంపేను తెచ్చును, సీసా ఎనిమిది రూబుళ్ళని తానే చెప్పును, ఎవ్వరును తాకరు, పొగరుబోతు నౌకరు యాషా ఒక్కడే త్రాగివేయును. ఆ తరువాత విద్యార్థి త్రోఫీమొవ్‌తో మాటలాడుచు, వసంతమున వేయి దెస్యతీనాలలో గసగసాలు చల్లి నలువదివేలు నికరముగా గడించితినని లోపాహిన్ చెప్పును. చెప్పి, ఆ పైరు పూచినప్పుడు ఎంతటి చిత్రమో అని మురియును. తోటను నరికింపబోవువాడు ఇతడే! అందము తెలియని మోటువాడు చెర్రీచెట్లను నరికినాడన్న తేలిక వ్యాఖ్యానము ఈ ఒక్క మాటతో కూలిపోవును. ఇతనికి అందము తెలియును. ఐతే ఇతని కంటికి అందమును లాభమును ఒక్క పొలముననే పూయును. ఇతని వ్రేళ్ళు కళాకారుని వ్రేళ్ళవలె సుకుమారములని త్రోఫీమొవ్ చెప్పుటయు ఇక్కడనే. అనుసరణలలో నిడివి తగ్గింపవలసినప్పుడు మొదట ఎగిరిపోవునవి ఈ గసగసాలే యగుట నాకు ఎప్పుడును విచారకరముగ తోచును.

ఆ పిమ్మటి దృశ్యము ప్రపంచనాటకవాఙ్మయములోని అత్యల్పములైన మహాదృశ్యములలో నొకటి. రణేవ్‌స్కయా పెంపుడు కూతురు వార్యాను లోపాహిన్ వివాహమాడునని ఇంటిల్లిపాది రెండేండ్లుగ అనుకొనుచున్నారు. ఇద్దఱిని ఒక గదిలో విడిచి అందఱు తప్పుకొందురు. ఆమె సామానులో ఏదో వెదకుచున్నట్లు నటించును. నీవిప్పుడు ఎక్కడకు పోవుదువని అతడడుగును. ఒకరింట ఇల్లు చూచుకొను ఉద్యోగమునకని ఆమె చెప్పును. నిరుడు ఈపాటికి మంచు పడినదనియు, ఇప్పుడు ఎండగా ఉన్నను మూడు డిగ్రీల చలి యున్నదనియు అతడనును. తాను చూడలేదనియు, తమ ఉష్ణమాపకము పగిలిపోయినదనియు ఆమె చెప్పును. మౌనము. వెలుపలనుండి ఎవరో అతని పేరు పెట్టి పిలుతురు. ఆ పిలుపుకై ఎప్పటినుండియో కాచుకొనియున్నవానివలె అతడు వెడలిపోవును. ఆమె నేలమీద కూలబడి ఏడ్చును. అంతే, దృశ్యము ముగిసినది.

ఇక్కడ గమనింపవలసినదేమనగా, వారి వివాహమునకు అడ్డు ఏదియు లేదు. ధనము కలదు, పెద్దల అంగీకారము కలదు, ఆమెకు ఇష్టము కలదు. ఏమియు అడ్డులేకున్నను అతని నోట ఆ మాట రాదు. ఈ దృశ్యమునకు హేతువు కల్పించిన మఱుక్షణమే ఇది సాధారణ ప్రేమకథ యగును.

ఇప్పుడు తరువాతి ప్రయోక్తలు లోపాహిన్‌ను ఏమి చేసిరో స్థూలముగ చూచెదము. విప్లవానంతరము సోవియట్ రంగమున త్రోఫీమొవ్‌ను భవిష్యత్తునకు ప్రతినిధిగా నిలుపుట పరిపాటియై, వర్తకుడు వెనుకకు జరిగెను. 1975లో మాస్కోలోని తగాన్‌కా నాటకశాలలో అనతోలీ ఎఫ్రొస్ ఆ లెక్కను తలక్రిందులు చేసెను. రంగమధ్యమున సమాధుల దిబ్బ. లోపాహిన్‌గా వ్లదీమిర్ వీసొత్‌స్కీ, రష్యా అంతయు ఎవని పాటలను దొంగచాటుగ టేపులలో నకలు చేసికొని వినుచుండెనో ఆ గాయకుడు. తోటను కొన్నవాడే ఆ ప్రదర్శనములో అందఱికంటె ఎక్కువగా పోగొట్టుకొన్నవాడై నిలిచెను. ఇంగ్లండులో 1977లో ట్రెవర్ గ్రిఫిత్స్ నాటింగ్‌హామ్ నాటకశాలకు చేసిన పాఠము కన్నీటి చెహోవ్‌పై తిరుగుబాటు. రాజకీయమునకు పదును పెట్టుటలో ఆయన సరియైన పనియే చేసెను గాని, అట్టి పదును త్రోఫీమొవ్ మాటలలోని డంబమును కప్పిపుచ్చు ప్రమాదము కలదు. గొలోషులు అను రబ్బరు తొడుగుజోళ్ళు దొరకక వెదకుకొనుచు మానవజాతి భవిష్యత్తును గూర్చి ఉపన్యసించువానిని చూచి నవ్వకున్నచో చెహోవ్‌ను చూచినట్లే కాదు.

పారిస్‌లో 1981లో పీటర్ బ్రూక్ చేసిన ప్రదర్శనము నాకు మిక్కిలి ఇష్టమైన ఉదాహరణము. శిథిలసౌందర్యముతో నున్న బూఫ్ ద్యు నోర్ నాటకశాలలో దృశ్యబంధపు గోడలు లేవు, చెట్లు లేవు. నేలపై తివాచీలు పఱచి, నడుమ విరామము లేకుండ రెండు గంటలలో ఆడిరి. వేగమనునది చెహోవ్‌కు అపచారము కాదని, అదియే ఆయన కోరినదని ఆ ప్రదర్శనము నిరూపించెను. 2024లో లండనులోని డాన్‌మార్ వేర్‌హౌస్‌లో బెనెడిక్ట్ ఆండ్రూస్ నేటి దుస్తులతో ఆడించినదియు ఈ తెరువుననే. అక్కడ నటులు తమ వంతు లేనప్పుడు ప్రేక్షకుల నడుమనే కూర్చుండిరి. జానెట్ సుజ్‌మన్ ఈ నాటకమును 1994 ఎన్నికల తరువాతి దక్షిణాఫ్రికాకు తరలించి, లోపాహిన్‌ను నల్లజాతి వ్యాపారిగా చిత్రించెను. చట్టము మారి, మనుష్యులింకను మారని సంధికాలమును ఎన్నుకొనుటలో ఆమె దృష్టి సునిశితము. మన దేశమున 1983లో రిచర్డ్ షెక్నర్ ఢిల్లీ జాతీయ నాటకవిద్యాలయపు రెపర్టరీ నటులతో హిందీలో దీనిని ఆడించెను.

తెలుగువారికి చెహోవ్ పరాయివాడు కాదు. మాస్కోలో అచ్చైన తెలుగు పుస్తకములు చౌకగ దొరకిన దినములలో ఆయన కథలు చదువని సాహిత్యాభిమాని అరుదు. ‘కన్యాశుల్కము’లో లుబ్ధావధాన్లును చూచి నవ్వుచునే జాలిపడుట అభ్యసించిన ప్రేక్షకులకు ‘చెర్రీ తోట’ హాస్యనాటకమెట్లగునని వివరింపవలసిన పనియు లేదు. ఐతే దీనిని మన నేలపై నాటదలచిన యువప్రయోక్తకు మొదట స్ఫురించునది జమీందారీ రద్దు; చెర్రీ తోటకు బదులు మామిడితోట. రెండును పొరబాట్లని నా అభిప్రాయము.

1948 నాటి మదరాసు చట్టము ఎస్టేటులను ప్రభుత్వపరము చేసి, జమీందారులకు నష్టపరిహారము ఇచ్చెను. అందు వేలము లేదు. పాట పాడి కొన్నవాడు లేడు. అనగా లోపాహినే లేడు. ప్రభుత్వము వచ్చి తీసికొన్నచో అది చరిత్ర. పాలేరు కొడుకు వచ్చి కొన్నచో అది నాటకము. ఇక మామిడితోట సంగతి: ఏటేట కాపును గుత్తకిచ్చి డబ్బు చేసికొనదగిన తోట ఉండగా అప్పు ఏల తీర్పలేదని మన ప్రేక్షకుడు తప్పక అడుగును. చెహోవ్ తోట రెండేండ్లకొకసారి కాయును. కాసిన పండ్లను కొనువారు లేరు. పూర్వము ఎండబెట్టి బండ్లకెత్తి మాస్కోకు, హార్కొవ్‌కు పంపెడివారమని ఫీర్స్ చెప్పును. ఎండబెట్టు విధానము ఇప్పుడు ఎవరికిని జ్ఞాపకము లేదు. ఉపయోగము నశించి అందము మాత్రమే మిగిలిన తోట కావలెను. మామిడితోటయే కావలెనన్నచో కాపుడిగిన ముదురుచెట్లైన కావలెను.

నిజమునకు లోపాహిన్ ఉపాయము మనకిప్పుడు మిక్కిలి పరిచితము. తోటలు కొట్టి, హద్దురాళ్ళు పాతి, దారి మొగమున కమాను కట్టి, ప్లాట్లు అమ్ము వెంచరులు మన పట్టణముల చుట్టును ఎన్ని లేవు? ఆ వెంచరు వేసినవాడు ఆ తోట యజమాని ఇంట జీతమున్నవాని కొడుకైయుండుటయు అసంభవము కాదు. ఇక్కడ మన లోపాహిన్ దొరకును. కాని వెనువెంటనే పెద్ద చిక్కు. వంటింటిలోనికి రానీయని ఇల్లన్నది రష్యాలో దాస్యచిహ్నము. మన ఊరిలో అది కులచిహ్నము. అప్పుడు మూడవ అంకములో అతని విజయవాక్యము రష్యన్ మూలము కంటెను బలముగ ధ్వనించును. నాలుగవ అంకములో వార్యా దృశ్యము మాత్రము చచ్చిపోవును. అతడు పెండ్లిమాట ఎత్తకపోవుటకు కులమే కారణమని ప్రేక్షకుడు తేల్చుకొని నిశ్చింతగ కూర్చుండును. ఒక అంకములో లాభము, మఱియొక అంకములో నష్టము. ఈ నష్టమును పూడ్చుటకు నాకు తోచిన మార్గమొక్కటే: వార్యాను కూడ అతని కులమునకే చెందిన, ఆ ఇంట పెంపకమునకు వచ్చిన పిల్లగా చేయుట. మూలములో ఆమె పెంపుడు బిడ్డయే గనుక అది అపచారము కాదు. అప్పుడు అడ్డు మరల తొలగును. అతని నోరు మరల పెగలదు. ఉష్ణమాపకము మరల పగులును.

ఈ సభలో నాటకసమాజముల యువకులు పలువురున్నారు. పోటీలకని గంటలో ముగియునట్లు కత్తిరించిన చెహోవ్‌ను మాకు చూపవద్దు. పూర్తి నాటకమును చూపుడు. పాత్రలు పంచునప్పుడు మీలో ఉత్తమనటుని గాయెవ్‌గా గాక లోపాహిన్‌గా నిలుపుడు, గసగసాల మాటను కొట్టివేయకుడు. నాలుగవ అంకమును అభ్యాసము చేయునపుడు ఎదుట గడియారము పెట్టుకొనుడు. పండ్రెండు నిమిషములలో ముగియదు గాని, ఇరువదియైదు దాటినచో మొదటినుండి మరల చేయుడు.